మూడో గడిలో రాసిన అంకె

మదనపల్లెలో నేను కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ పెట్టింది తొంభైల చివర్లో. బస్టాండుకు దగ్గర్లో మేడ మీద రెండు గదులు, ఎనిమిది కంప్యూటర్లు. పొద్దున ఆరు కాకముందే పిల్లలు వచ్చి మెట్ల మీద కూర్చునేవాళ్లు. పెద్దమండ్యం నుంచి మొదటి బస్సుకు వచ్చే పిల్లలు టిఫిన్ డబ్బాలు కూడా వెంట తెచ్చుకునేవాళ్లు. రెండేళ్లు అలా గడిచింది. ఆ తర్వాత కంపెనీలు ఉద్యోగాలు తీసేస్తున్నాయని పేపర్లో వార్తలు రావడం మొదలైంది. ఆ వార్తలకూ మా మెట్లకూ సంబంధం ఉంటుందని నాకు తట్టలేదు. ఆరు నెలల్లో మెట్లు ఖాళీ అయ్యాయి.

రోజూ తలుపు తీసేవాణ్ణి. ఎనిమిది కంప్యూటర్లకూ దుమ్ము తుడిచేవాణ్ణి. ఎవరైనా పైకి వస్తున్న చప్పుడైతే లేచి నిలబడేవాణ్ణి. వచ్చేవాళ్లలో ఎక్కువమంది పక్కగదిలో ఉన్న పళ్ల డాక్టరు కోసం వచ్చినవాళ్లే. ఇంట్లో నా భార్య, సాయంత్రం నేను చెప్పులు విప్పుతుంటే ముఖంలోకి ఒకసారి చూసి వంటింట్లోకి వెళ్లిపోయేది. ఆ చూపు తప్పించుకోవడానికి కొన్నాళ్లు ఆలస్యంగా ఇంటికి వెళ్లడం నేర్చుకున్నాను.

అలాంటి రోజుల్లో కుప్పం నుంచి కబురొచ్చింది. అక్కడ ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో కంప్యూటర్ ల్యాబు పెడుతున్నారు. ఎక్కడో తీసేసిన పాత మిషన్లు ఇరవై ఎనిమిది వాళ్లకు చౌకగా దొరికాయి. వాటిలో హార్డ్ డిస్కులు లేవు. ఉత్త తెర, కీబోర్డు, లోపల నామమాత్రపు సరంజామా. అన్నిటికీ కలిపి ఒక్క సర్వర్ పెడితే, పిల్లలు ఇరవై ఎనిమిది తెరల ముందు కూర్చున్నా అసలు పనంతా ఆ ఒక్క పెట్టెలోనే జరుగుతుంది. ఆ పెట్టె బాగుంటే ల్యాబు బాగుంటుంది. అది ఆగితే ఇరవై ఎనిమిది తెరలూ ఆగుతాయి. ఆ పెట్టె నేను తయారుచేసి ఇవ్వాలి.

కాలేజీ కరస్పాండెంటు నాకు చెప్పింది ఒక్కటే. రెండు మూడు రకాల ప్రాసెసర్లు పోల్చి ఒక కాగితం మీద రాసి తెమ్మన్నాడు. బెంగళూరు నుంచి ఇంకొకరు కూడా కొటేషన్ ఇస్తున్నారనీ, ఇద్దరివీ చూసి నిర్ణయిస్తామనీ అన్నాడు. ఆ ఆర్డరు రాకపోతే నేను బోర్డు దించేయాలి. దానికి ముందు ఎనిమిది నెలల్లో ఒక్క పెద్ద పని కూడా రాలేదు.

బెంగళూరులో నాకు సామాన్లిచ్చే డీలరు వారం రోజులు చూసుకోమని రెండు సర్వర్లు అరువిచ్చాడు. ఒకదాంట్లో కొత్తగా వచ్చిన ప్రాసెసర్లు రెండు ఉన్నాయి. మంచి వేగం. రెండోదాంట్లో అంతకుముందు తరం ప్రాసెసర్లు రెండు. వేగం సగమే, ధర కూడా తక్కువ. రెండింటినీ గోనెపట్టాల్లో చుట్టి టెంపోలో వేసుకుని పుంగనూరులో దిగాను.

పుంగనూరులో మా అక్క మొగుడిది మోటార్ వైండింగ్ షాపు. చుట్టుపక్కల ఊళ్లలో బోరు మోటార్లు కాలిపోతే ఆయన దగ్గరికే వస్తాయి. కంప్యూటరంటే బావకు ఏమీ తెలీదు. అయితే కరెంటంటే ఆయనకు తెలిసినంత నాకు తెలిసిన ఇంకెవరికీ తెలీదు. ఆయన దగ్గర టాంగ్ టెస్టరు ఉండేది. పటకారులాంటి దాని నోరు తెరిచి తీగ చుట్టూ మూస్తే ఎంత కరెంటు పోతోందో చూపిస్తుంది. అందుకే అక్కడికి తీసుకెళ్లాను.

నూనె మరకల బల్ల మీద రెండు సర్వర్లూ పెట్టాం. మొదట వేగమైనది ఆన్ చేశాను. దాని ఫ్యాన్లు ఒక్కసారిగా లేచాయి.

"ఏందప్పా ఇది, పిండిమిల్లు మాదిరి అరస్తాండాది?" అన్నాడు బావ.

"కొత్తరకం బావా. వేడెక్కువ. అందుకే అన్ని ఫ్యాన్లు."

ఇరవై ఎనిమిది మంది ఒకేసారి పనిచేస్తున్నట్టు భ్రమ కలిగించే చిన్న ప్రోగ్రాం ఒకటి రాసుకుని తెచ్చాను. రెండింటి మీదా అది నడిపించి గడియారం పట్టుకున్నాను. పాతరకం సర్వర్‌కు పట్టిన సమయంలో సగంలో కొత్తది ముగించింది. నా ఒళ్లు పులకరించింది. మళ్లీ నడిపాను, మళ్లీ అంతే. ఎన్నో నెలల తర్వాత నాకు ఆకలి వేసింది. అక్క పంపిన సంగటి ముద్ద అక్కడే నిలబడి తిన్నాను.

బావ మాత్రం గడియారం వైపు చూడలేదు. తీగ చుట్టూ టెస్టరు మూసి, దాని ముల్లు వైపు చూస్తున్నాడు.

"సూడు. ఊరికే ఉంటే ఒక ఆంపు. నువ్వు పని పెడతానే రెండుకు దగ్గిరొస్తాండాది."

"ఆ రెండోది?"

"అది ఊరికే ఉంటే ముక్కాలు. పని పెట్టినా ఒకటి దాటలే." ఆయన టెస్టరు తీసి పక్కన పెట్టాడు. "ఆ కాలేజీలో ఈ పెట్టెకు యూపీఎస్ ఏం పెట్టుండారు?"

తెరలకూ పాత మిషన్లకూ విడిగా పెద్ద యూపీఎస్ ఉందనీ, సర్వర్‌కు మాత్రం రెండు బ్యాటరీల చిన్నది ఇదివరకే కొనిపెట్టారనీ చెప్పాను. బావ సున్నపుముక్క తీసుకుని నేల మీద ఏవో లెక్కలు వేశాడు.

"కొత్తదైతే గంటా పది నిమిషాలు. అంతకుమించి ఓర్సుకోదు. పాతదైతే రెండున్నర గంటలు, మూడు గంటలు లాగతాది. ఆడ పరీచ్చ ఎంతసేపు జరగతాది?"

"ప్రాక్టికల్ మూడు గంటలు."

"అయితే ఇంకేం ఆలోచన సేస్తావు? ఈ నిదానమైందే పెట్టు."

"వేగం సగమే బావా."

"పిల్లోళ్లు రాసేదేమన్నా రాకెట్టు లెక్కలా? యాల వాళ్లకంత వేగం?"

ఆయన అన్నది నిజమే. డిగ్రీ పిల్లలు రాసేవి నలభై యాభై వరుసల ప్రోగ్రాములు. కొత్తరకం మీద ఒక సెకనులో పూర్తయ్యేది పాతరకం మీద రెండు సెకన్లలో పూర్తవుతుంది. ఆ ఒక్క సెకనుతో ఎవరికీ పని లేదు. ఈ సంగతి అప్పుడే, ఆ షాపులోనే నాకు పూర్తిగా తెలుసు. తర్వాత తెలిసిందని చెప్పుకోవడానికి లేదు.

మర్నాడు కాగితం తయారుచేశాను. మూడు గడులు గీశాను. వేగం, ధర, కరెంటు. మొదటి గడిలో కొత్తరకం సర్వర్ అంకెలు చూస్తే ఎవరికైనా కళ్లు చెదరాల్సిందే. బెంగళూరువాళ్లు కూడా దాన్నే చూపిస్తారని డీలరు చెప్పాడు. నేను నిదానమైనది తీసుకెళితే, మదనపల్లె నుంచి పాత సరుకు తెచ్చాడంటారు. రెండో గడిలో ధర రాసి, ఒక్కొక్క రూపాయికి ఎంత పని వస్తుందో లెక్కవేసి చూపించాను. అందులోనూ కొత్తదే గెలిచింది. మూడో గడి దగ్గర పెన్ను ఆగింది.

చివరికి రెండు సర్వర్లకూ ఊరికే ఉన్నప్పటి అంకెలు రాశాను. ఒకటి, ముక్కాలు. అవి అబద్ధం కావు. టెస్టరు చూపించినవే. పని పెట్టినప్పటి అంకెలు రాయడానికి ఇంకో గడి గీయాల్సి వచ్చేది. ఆ గడి గీయలేదు.

కుప్పంలో కరస్పాండెంటు గదిలో రెండు సర్వర్లూ నడిపి చూపించాను. ఆయన కొత్తది ముగించిన వేగం చూసి బల్ల మీద చేత్తో కొట్టి, "అదీ!" అన్నాడు. పక్కన ల్యాబు చూసుకునే మేడం కూర్చుని ఉంది. సన్నగా, ముప్పై ఏళ్లలోపు ఉంటుంది. ఆ ల్యాబు కోసం రెండేళ్లుగా కరస్పాండెంటు చుట్టూ తిరిగింది ఆమే. కాగితం చేతిలోకి తీసుకుని వేలితో మూడో గడి దగ్గర ఆగింది.

"కరెంటు రెండిటికీ ఇంచుమించు ఒకటేనా సార్? మాకు ఈడ పోతా వస్తా ఉంటాది కదా."

"ఇంచుమించు ఒకటేనమ్మా," అన్నాను.

కాగితం మీద రాయని అబద్ధాన్ని నోటితో చెప్పేశాను. ఆమె తల ఊపి కాగితం మడిచి ఫైలులో పెట్టుకుంది. ఆర్డరు నాకే వచ్చింది.

ఆ రోజు ఇంటికి వెళ్లగానే నా భార్య ముఖంలోకి చూసి, అడక్కుండానే నవ్వింది. ఆ నవ్వు కోసం ఆ మాట చెప్పానని చాలాకాలం నాకు నేను సర్దిచెప్పుకున్నాను.

నాలుగైదు నెలలు ల్యాబు బాగా నడిచింది. కరెంటు పోయినా పావుగంటలోనో అరగంటలోనో వచ్చేది. నేను పదిహేను రోజులకోసారి వెళ్లి చూసివచ్చేవాణ్ణి. పిల్లలు నన్ను గుర్తుపట్టి నమస్తే పెట్టేవాళ్లు. వాళ్లలో గంగవరం దగ్గర పల్లె నుంచి వచ్చే అమ్మాయి ఒకతె ఉండేది. ఇంటి దగ్గర కంప్యూటర్ లేదు కాబట్టి ప్రోగ్రాములన్నీ నోటుబుక్కులో పెన్సిలుతో రాసుకుని వచ్చి, ఒక్కొక్క వరుసా టైపు చేసేది. ఎక్కడైనా ఆగిపోతే నన్ను పిలిచి, "సార్, ఈడ ఏందో తిట్టతాండాది సూడండి," అనేది. తెర మీద కనిపించే తప్పుల పట్టికను ఆమె తిట్లనేది.

వార్షిక ప్రాక్టికల్ పరీక్షలు ఎండలు ముదిరాక పెట్టారు. ఆ రోజు ఎందుకైనా మంచిది రమ్మని మేడం ఫోను చేసింది. మదనపల్లెలో మొదటి బస్సెక్కి, పలమనేరులో మారి, తొమ్మిదికల్లా కుప్పంలో దిగాను. బయటి కాలేజీ నుంచి ఎగ్జామినరు వచ్చాడు. యాభై దాటిన మనిషి, కచ్చితమైనవాడు. పదింటికి ఇరవై ఎనిమిది మందీ కూర్చున్నారు. పరీక్ష ఒంటిగంట దాకా. నన్ను లోపలికి రానివ్వలేదు. సర్వర్ ఉన్న పక్కగది గుమ్మంలో స్టూలు వేసుకుని కూర్చున్నాను.

పది దాటి పది నిమిషాలైంది. పైకప్పు ఫ్యాన్లు ఆగాయి. యూపీఎస్ కూతపెట్టడం మొదలుపెట్టింది.

నేను బయటికి పరిగెత్తి సబ్‌స్టేషన్‌కు ఫోను చేశాను. లైను మీద పని చేస్తున్నారట. "రెండుకో మూడుకో వస్తాదప్పా," అన్నాడు అవతలి మనిషి. రిసీవరు పెట్టి బావ లెక్క గుర్తుచేసుకున్నాను. గంటా పది నిమిషాలు. అంటే పదకొండూ ఇరవైకి ఆ పెట్టె ఆగిపోతుంది.

నాకు ఒక్క దారి కనిపించింది. ఆ సర్వర్‌లో రెండు ప్రాసెసర్లున్నాయి. ఒకటి పీకేస్తే మిగిలిన ఒక్కదానితో నడుస్తుంది, బ్యాటరీని తినడం బాగా తగ్గుతుంది. అప్పటికప్పుడు పీకితే ఇంకో రెండు గంటలు లాగవచ్చు. దానికి పది నిమిషాలు సర్వర్ ఆపాలి. అంటే పది నిమిషాలు పరీక్ష ఆపాలి.

మేడంను గుమ్మం దగ్గరికి పిలిచి చెప్పాను. ఆమె ఎగ్జామినరును పిలిచింది.

"పరీక్ష మధ్యలో బయటి మనిషి మిషను మీద చెయ్యి వేయడానికి రూల్సు ఒప్పుకోవు," అన్నాడాయన. "యూపీఎస్ ఉందిగా. ఎందుకు భయపడతారు?"

"అది మూడు గంటలు రాదు సార్."

"రాదని ఎలా చెప్తారు? అందుకే కదా పెట్టారు."

"రాదు సార్. నాకు తెలుసు."

ఆయన నన్ను పైనుంచి కింది దాకా చూసి లోపలికి వెళ్లిపోయాడు. నేను గుమ్మంలో నిలబడిపోయాను. లోపల కీబోర్డుల చప్పుడు వినిపిస్తోంది. సర్వర్ ఫ్యాన్లు గది వేడికి ఇంకా గట్టిగా తిరుగుతున్నాయి, తిరిగేకొద్దీ ఇంకా కరెంటు తాగుతున్నాయి. పదిన్నర అయింది. పదీ నలభై అయింది. రెండుసార్లు మేడంను సైగతో పిలిచాను. ఆమె మళ్లీ వెళ్లి అడిగింది, ఆయన మళ్లీ తల అడ్డంగా ఊపాడు. కరస్పాండెంటు ఊళ్లో లేడు.

పది యాభైకి యూపీఎస్ కూత మారింది. అంతదాకా ఆగి ఆగి అరిచేది ఆగకుండా అరవడం మొదలుపెట్టింది. నేను ల్యాబులోకి వెళ్లిపోయాను. ఆయన కుర్చీ పక్కన నిలబడి రెండు చేతులూ జోడించాను.

"సార్, తప్పు నాది. ఈ సర్వర్ పని పెడితే రెండింతలు గుంజుతుందని కొనకముందే నాకు తెలుసు. టెస్టరు పెట్టి చూశాను. కాగితం మీద రాయలేదు. మేడం అడిగితే అబద్ధం చెప్పాను. ఇప్పుడు ఆపకపోతే అరగంటలో అదే ఆగిపోతుంది. అప్పుడు పిల్లలు దాచుకోనిది కూడా పోతుంది. మీ కాళ్లు పట్టుకుంటాను."

కీబోర్డుల చప్పుడు ఆగిపోయింది. ఇరవై ఎనిమిది మంది నన్ను చూస్తున్నారు. మేడం గోడకు ఆనుకుని నిలబడి ఉంది. ఆమె ముఖం వైపు నేను చూడలేకపోయాను.

ఎగ్జామినరు గడియారం చూసుకున్నాడు. "అందరూ సేవ్ చేసుకోండి," అన్నాడు. "పది నిమిషాలు. ఒక్క నిమిషం ఎక్కువ కాకూడదు."

సర్వర్ ఆపి మూత విప్పాను. ప్రాసెసర్ మీది అల్యూమినియం దిమ్మ నిప్పులా ఉంది. చల్లారేదాకా ఆగే సమయం లేదు. జేబురుమాలు చుట్టుకుని క్లిప్పు లాగితే జారి వేళ్లు దిమ్మకు తగిలి కాలాయి. మళ్లీ లాగాను. రెండో ప్రాసెసర్ ఊడి చేతిలోకి వచ్చింది. బొబ్బలెక్కుతున్న వేళ్లతోనే మూత పెట్టి ఆన్ చేశాను. రెండో ప్రాసెసర్ కనిపించడం లేదని తెర మీద ఫిర్యాదు చేసి, కొనసాగడానికి ఒక మీట నొక్కమంది. నొక్కాను. లేచింది. పదకొండూ ఐదు.

పిల్లలు మళ్లీ రాయడం మొదలుపెట్టారు. కొంచెం నెమ్మదించింది, అయితే ఎవరూ పట్టించుకున్నట్టు లేదు. యూపీఎస్ మీద దీపాలు చూశాను. ఐదింటిలో ఒక్కటే వెలుగుతోంది. ముప్పావుగంట ఎక్కువ తినేసిన బ్యాటరీలో మిగిలింది చాలా కొంచెం. ఆలస్యంగా పీకాను. ఇక బ్యాటరీలు కావాలి.

రోడ్డు మీదికి పరిగెత్తి ఆటో ఎక్కాను. రైల్వే గేటుకు అవతల బ్యాటరీలు ఛార్జి చేసే షాపు ఉంది. షాపతను పెద్దాయన, తమిళం కలిసిన తెలుగు. నేను చెప్పింది సగం విని, "పరీచ్చలా? ఎవురి పిల్లోళ్లప్పా?" అన్నాడు.

"కాలేజీ పిల్లోళ్లన్నా. ఇరవై ఎనిమిది మంది."

"ఈ రెండూ ట్రాక్టరోళ్లవి. నావి కాదు. సాయంత్రానికి తెచ్చియ్యల్ల నువ్వు."

"తెస్తానన్నా."

తిరిగి వచ్చేసరికి గేటు వేసి ఉంది. గూడ్సు వస్తోంది. ఆటో ఆగిపోయింది. రెండు నిమిషాలు చూశాను. రైలు జాడ లేదు, గేటు ఎత్తే జాడా లేదు. ఆటో నడిపే మనిషి నా ముఖం చూసి, "దిగు సామీ, నేనొకటి పట్టుకుంటా," అన్నాడు. చెరొక బ్యాటరీ పొట్ట మీద ఆనించుకుని గేటు కిందుగా దూరి పట్టాలు దాటాం. నా బ్యాటరీ మూత వదులుగా ఉందేమో, యాసిడ్ కారి ప్యాంటు మీద పడింది. తొడ మీద మంట. అవతల ఇంకో ఆటో కోసం కేకలేస్తుంటే వెనక గూడ్సు వచ్చింది. ఆటో ఏదీ దొరకలేదు. గూడ్సు దాటేదాకా దాని పెట్టెలు లెక్కపెడుతూ ఉండిపోయాను. ఎందుకు లెక్కపెట్టానో తెలీదు.

ల్యాబులోకి వచ్చేసరికి పన్నెండూ ఇరవై ఐదు. సర్వర్ పదకొండూ నలభైకే ఆగిపోయిందట. అప్పటికి పదిహేడు మంది ముగించి ఫలితం ఎగ్జామినరుకు చూపించేశారు. మిగిలిన పదకొండు మంది నల్లటి తెరల ముందు చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉన్నారు. ఒకరిద్దరు ఏడుస్తున్నారు. గంగవరం అమ్మాయి ఏడవడం లేదు. కాగితం మీద పెన్సిలుతో ఏదో రాసుకుంటోంది.

పాత బ్యాటరీలు విప్పి ట్రాక్టరు బ్యాటరీలు తగిలించాను. సర్వర్ లేచింది. మధ్యలో ఆగిపోయినందుకు డిస్కు తనను తాను సరిచూసుకోవడం మొదలుపెట్టింది. దాన్ని ఆపడానికి లేదు. ఏడు నిమిషాలు. ఆ ఏడు నిమిషాలు నేను ఆ తెర ముందు మోకాళ్ల మీద ఉన్నాను. పన్నెండూ నలభైకి పిల్లల తెరలు వెలిగాయి. దాచుకోకుండా రాసిందంతా పోయింది.

"సార్, ఒక అరగంట ఎక్కువ ఇవ్వండి," అని మేడం అడిగింది.

"ఒంటిగంటకు ముగించాలమ్మా. నేను రాసి పంపాల్సింది అదే సమయం," అన్నాడాయన. ఆయన గొంతులో కోపం లేదు. అప్పుడు ఆయన మీద కోపం తెచ్చుకోవాలని చాలా ప్రయత్నించాను. రాలేదు.

ఒంటిగంటకు పదకొండు మందిలో ఏడుగురు ముగించారు. నలుగురు ముగించలేదు. ఆ నలుగురిలో గంగవరం అమ్మాయి ఉంది. పెన్సిలుతో రాసుకున్నది మళ్లీ టైపు చేసింది. ఒక్క తప్పు మాత్రం ఎక్కడుందో దొరకలేదు. దాన్ని వెతుకుతుండగానే లేవమన్నారు.

వరండాలో నేను వేళ్లకు నీళ్లు పోసుకుంటుంటే ఆమె వచ్చి ఎదురుగా నిలబడింది.

"మీరు ఆ సారుతో సెప్తాంటే విన్నాను. మీకు ముందే తెలుసా సార్?"

"తెలుసమ్మా."

"మరి యాల పెట్టినారు?"

నా దగ్గర కారణాలున్నాయి. ఖాళీ మెట్లు ఉన్నాయి, నా భార్య చూపు ఉంది, బెంగళూరువాళ్లు ఉన్నారు. వాటిలో ఆమెకు చెప్పదగ్గది ఒక్కటీ లేదు.

"మా నాయన టమోటా కోత ఇడిసిపెట్టి నాతో వచ్చుండాడు. గేటు కాడ కూసోనుండాడు. ఆయనకు నేనేం సెప్పల్ల?"

"నేను చెప్తానమ్మా," అన్నాను.

ఆమె నాన్న గేటు పక్కన గోడ నీడలో తువ్వాలు పరుచుకుని కూర్చుని ఉన్నాడు. నేను పక్కన కూర్చున్నాను. సర్వరనీ ప్రాసెసరనీ మొదలుపెట్టాను. ఆయనకు అర్థం కావడం లేదని నాకే తెలుస్తోంది. ఆపేసి, పెద్ద మోటారు, చిన్న మోటారు అని చెప్పాను. ఆయన వెంటనే నా వైపు తిరిగాడు.

"అంటే, ఐదు హెచ్‌పీ సాలే కాడ ఏడున్నర పెట్టినారా?"

"అవునన్నా."

"ఆ తీగె ఓర్సుకోదని తెలిసే?"

"తెలిసే."

తిడతాడని చూశాను. తిడితే బాగుండునని కూడా అనిపించింది. ఆయన లేచి తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, వరండా వైపు చూసి, "రామ్మా, పలమనేరు బస్సు పోతాది," అన్నాడు. తండ్రీ కూతురూ నా ముందు నుంచే నడిచి వెళ్లారు.

సాయంత్రం ట్రాక్టరు బ్యాటరీలు షాపులో అప్పగించాను. మర్నాడు కరస్పాండెంటు వచ్చాక ఆయన ముందు నిలబడి జరిగింది మొత్తం చెప్పాను. ఆయన మేడంను పిలిచి, "ఇతను మళ్లీ గేటు లోపలికి రాకూడదు," అన్నాడు. మేడం, "మిషను మార్చిచ్చి పోనీండి సార్," అంది. ఆ మాటలో నా మీద దయ ఏమీ లేదు. ఆమెకు ల్యాబు నడవాలి, అంతే. వారంలో నిదానమైన సర్వర్ తెచ్చి పెట్టాను. ఈసారి ఇరవై ఎనిమిది తెరల ముందూ పిల్లల్ని కూర్చోబెట్టి, టెస్టరు మేడం చేతికిచ్చి, ఆమెతోనే అంకె చదివించాను. మెయిన్ ఆపి, యూపీఎస్ మీద ఎంతసేపు నడుస్తుందో ఇద్దరం గడియారం పెట్టుకుని కూర్చున్నాం. రెండు గంటల నలభై నిమిషాలు. మూడు గంటలు దాటాలని ఇంకో రెండు బ్యాటరీలు చేర్చాను. అంతసేపూ ఆమె నాతో పని మాటలు తప్ప ఇంకేమీ మాట్లాడలేదు.

ఆ నెలాఖరుకు మదనపల్లెలో బోర్డు దించేశాను. పుంగనూరులో బావ షాపులో ఒక మూల బల్ల వేసుకున్నాను. నేను చెప్పిందంతా విని బావ, "అన్నం తిన్యావా?" అన్నాడు. ఆ తర్వాత ఎప్పుడూ ఆ సంగతి ఎత్తలేదు. యూపీఎస్‌లు బాగుచేయడంతో మొదలుపెట్టాను. మెల్లగా కాలేజీలూ ఆస్పత్రులూ సర్వర్లు కొనేముందు నన్ను పిలిచి చూపించుకోవడం మొదలైంది. ఎవరు ఎంత తొందరపెట్టినా నిండు పని పెట్టి, గంటసేపు వేడెక్కనిచ్చి, అప్పుడే కరెంటు అంకె రాసిచ్చేవాణ్ణి. దానివల్ల కొన్ని పనులు పోయాయి కూడా. నా భార్య కుట్టుమిషను కొనుక్కుంది. మేమిద్దరం నిలదొక్కుకోవడానికి మూడేళ్లు పట్టింది.

ఫెయిలైనవాళ్లకు ప్రాక్టికల్ పరీక్ష మళ్లీ ఆ ఏడాది అక్టోబరులోనే పెట్టారు. తేదీ నేనే అడిగి తెలుసుకున్నాను. గేటు లోపలికి పోకూడదు కాబట్టి, రోడ్డుకు ఇవతల టీ బంకు దగ్గర పది నుంచి ఒంటిగంట దాకా నిలబడ్డాను. సన్నగా వాన పడుతోంది. టీ బంకులో రేడియో ఆ మూడు గంటలూ మోగుతూనే ఉంది. కరెంటు ఒక్క నిమిషం కూడా పోలేదు.

ఒంటిగంట దాటాక నలుగురూ బయటికి వచ్చారు. ఈసారి గంగవరం అమ్మాయితో ఆమె నాన్న రాలేదు. ముగ్గురు పిల్లలు మాట్లాడుకుంటూ ఊళ్లోకి వెళ్లారు. ఆ అమ్మాయి గొడుగు తెరుస్తూ తలెత్తి నన్ను చూసింది. గుర్తుపట్టింది. పరీక్ష ఎలా రాసిందో ఆ ముఖాన్ని బట్టి చెప్పలేకపోయాను. అడుగుదామని ఒక అడుగు ముందుకు వేశాను. ఆమె గొడుగు కొంచెం వంచుకుని బస్టాండు వైపు తిరిగింది. పాసైందని నెల తర్వాత మేడం ఫోనులో చెప్పింది. ఆ ఒక్క మాట చెప్పి పెట్టేసింది.